పాఠకుల ప్రశ్నలు: పత్తి ధర మీద బిట్‌కాయిన్ ఒప్పందం

ప్రశ్న: ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాం. ఎనుమాముల మార్కెట్‌లో ఫలానా రోజు పత్తికి పలికిన ధరను బట్టి ఇద్దరి మధ్య బిట్‌కాయిన్ పంపకం జరిగేలా ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాం. మధ్యవర్తి చేతిలో డబ్బు పెట్టకుండా కుదురుతుందా? ఏ వరుసలో చేయాలి? – హన్మకొండ నుంచి విద్యార్థులు

జవాబు: కుదురుతుంది. టాడ్జ్ డ్రైజా 2017లో ప్రతిపాదించిన డిస్క్రీట్ లాగ్ కాంట్రాక్ట్, పొట్టిగా డీఎల్‌సీ, ఈ పనికే పుట్టింది. ఇందులో ఒరాకిల్ అంటే ధర చూసి సంతకం చేసే సాక్షి. డబ్బు దాని చేతికి పోదు. తన సంతకాన్ని ఎవరు వాడుకుంటున్నారో కూడా దానికి తెలియదు.

కోడ్ జోలికి పోకముందే ప్రశ్నను కాగితం మీద రాయండి. ‘పత్తి ధర’ అంటే చాలదు. జెండా పాటలో పలికేది ఆ రోజు గరిష్ఠ ధర. తేమ ఎక్కువున్న లాటు అదే యార్డులో, అదే పూట, వందల రూపాయలు తక్కువకు పోతుంది. మీరు తీసుకునేది జెండా పాటా, ఎక్కువ సరుకు పోయిన మోడల్ ధరా? ఎవరు ప్రకటించిన అంకె, ఏ తేదీది, ఎన్ని గంటలకు చూసింది? ఆ రోజు మార్కెట్‌కు సెలవైతే ముందు రోజు ధరా, తర్వాతి రోజుదా? మిర్చి మీద చేస్తే రకం కూడా చెప్పాలి; తేజ, చపాటా ధరలు ఒక్కటి కావు. ఇవన్నీ ఒరాకిల్ ముందస్తు ప్రకటనలో ఉండాలి. ఆ ప్రకటనలోనే దాని పబ్లిక్ కీ (సంతకాన్ని ఎవరైనా సరిచూసుకునే బహిరంగ తాళం), ఈ ఒక్క ఫలితం కోసం తీసిన నాన్స్ బిందువులు (ఒక్కసారే వాడే రహస్య సంఖ్యలకు బహిరంగ రూపాలు) ఉంటాయి.

ధరను బైనరీ అంకెలుగా, అంటే 0, 1లుగా విడగొట్టి, అంకెకో నాన్స్‌తో సంతకం చేయిస్తారు. 14 అంకెలు తీసుకుంటే 0 నుంచి 16,383 రూపాయల దాకా సరిపోతుంది. ఒక్కో రూపాయికి ఒక్కో సెటిల్‌మెంట్ ట్రాన్సాక్షన్ (ఆ ధరకు ఎవరికెంతో పంచే లావాదేవీ) తయారు చేస్తే 16,384 అవుతాయి. అంత అవసరం లేదు. పంపకాన్ని 50 రూపాయల మెట్లుగా కాకుండా 64 రూపాయల మెట్లుగా పెట్టండి. 64 అంటే రెండు ఆరో ఘాతం కాబట్టి చివరి 6 అంకెలను వదిలేయొచ్చు, ఒక్కో మెట్టుకు ఒక్క ట్రాన్సాక్షన్ చాలు. 6,016 కన్నా తక్కువైతే మొత్తం ఒకరికి, 8,960 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే మొత్తం రెండోవారికి అనుకుంటే మధ్యలో 46; మొత్తం ఒకరికే పోయే మెట్లను పెద్ద గుంపులుగా కలిపేయొచ్చు కాబట్టి కింద 5, పైన 4: మొత్తం 55. ఇది ఫోన్‌లో కూడా నడుస్తుంది.

ఇక వరుస. ఇద్దరి సంతకాలూ ఉంటేనే కదిలే ఉమ్మడి చిరునామాకు డబ్బు పంపే ఫండింగ్ ట్రాన్సాక్షన్‌ను ముందు తయారు చేయండి, సంతకం మాత్రం పెట్టొద్దు. దాని మీద ఆధారపడే 55 సెటిల్‌మెంట్ ట్రాన్సాక్షన్లకు ఒకరికొకరు అడాప్టర్ సంతకాలు ఇచ్చుకోండి. అడాప్టర్ సంతకం అంటే ఆ ధరకు ఒరాకిల్ సంతకం బయటికొస్తే తప్ప పూర్తికాని సంతకం. తర్వాత గడువు దాటితే ఎవరి డబ్బు వాళ్లకు తిప్పి పంపే రీఫండ్ ట్రాన్సాక్షన్‌కు మామూలు సంతకాలు మార్చుకోండి. వచ్చిన ప్రతి సంతకాన్నీ సరిచూసుకున్నాకే ఫండింగ్ మీద సంతకం పెట్టి నెట్‌వర్క్‌కు వదలండి. ఈ వరుస తప్పితే ఎదుటివాళ్లు ‘నాకింత ఇస్తేనే సంతకం పెడతా’ అని మీ సొమ్మును బిగించి కూర్చోవచ్చు.

రీఫండ్ గడువు ఫలితం రోజు నుంచి వారం, అంటే సుమారు 1,008 బ్లాకులు పెట్టండి. ఒరాకిల్ మూగబోతే ఎవరి డబ్బు వాళ్లకు వస్తుంది. కానీ ఒరాకిల్ సంతకం వచ్చినా గెలిచినవాళ్లు వారం దాకా పట్టించుకోకపోతే, ఓడినవాళ్లు రీఫండ్ ట్రాన్సాక్షన్‌ను నెట్‌వర్క్‌కు వదిలి తప్పించుకోవచ్చు. సంతకం రాగానే సెటిల్ చేసుకోండి. ప్రాజెక్టు కాబట్టి ఇదంతా సిగ్నెట్ (విలువలేని నాణేలతో నడిచే బిట్‌కాయిన్ పరీక్షా నెట్‌వర్క్) మీదే చేయండి. అసలు డబ్బుతో ధర మీద పందెం కాస్తే తెలంగాణ గేమింగ్ చట్టం అడ్డొస్తుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం కోర్టులోనూ చెల్లదు.

ప్రశ్న: ఒరాకిల్ అబద్ధం చెబితే? – పరకాల నుంచి ఒక అడ్తిదారు

జవాబు: రెండు రకాల మోసాలున్నాయి, రెంటినీ కలపొద్దు. మొదటిది, ఒకరికి ఒక ధర, ఇంకొకరికి ఇంకో ధర సంతకం చేసివ్వడం. ఒకే నాన్స్‌తో రెండు వేర్వేరు ఫలితాలకు సంతకం చేస్తే, ఆ రెండు సంతకాల తేడాను రెండు హాష్‌ల (సంతకంలో వాడే, ఫలితాన్ని బట్టి మారే సంఖ్యల) తేడాతో భాగిస్తే చాలు, ఒరాకిల్ సంతకం చేసే రహస్య తాళం, అంటే ప్రైవేట్ కీ బయటపడుతుంది. ఎవరైనా లెక్క కట్టొచ్చు. ఆ భయమే దాన్ని అదుపులో పెడుతుంది.

రెండోది, అందరికీ ఒకే తప్పు ధర చెప్పడం. దీన్ని గణితం ఆపలేదు. ఆ మాట ఎవరన్నారన్నదే సంతకం రుజువు చేస్తుంది, అది నిజమో కాదో చెప్పదు. అందుకే ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు ఒరాకిల్స్‌లో ఏ ఇద్దరు కలిసినా చాలన్న షరతు పెట్టాలి. అయితే ఒకరు 7,485, ఇంకొకరు 7,490 అంటే ఆ రెండూ వేర్వేరు మెట్లలో పడతాయి, అంకెలు కలవవు. ఎంత తేడాను ఒప్పుకుంటారో ముందే రాసుకోవాలి. దాంతో ట్రాన్సాక్షన్ల సంఖ్య బాగా పెరుగుతుంది. ముగ్గురూ ఒకే వెబ్‌సైట్ నుంచి ధర తెచ్చుకుంటే ముగ్గురున్నా ఒక్కరున్నట్టే.

మీరు నిజంగా పత్తి వ్యాపారంలో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. పంపకం బిట్‌కాయిన్‌లో, మీ ఖర్చు రూపాయల్లో. పత్తి ధర నుంచి కాపాడుకున్నా, ఈలోగా బిట్‌కాయిన్ పది శాతం పడితే ఆ లాభం అందులోనే పోతుంది. పైగా బిట్‌కాయిన్ అమ్మినప్పుడు లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. మీ వ్యాపారానికి దీన్ని మేం సిఫారసు చేయం.

ప్రశ్న: ఒప్పందం నడుస్తుండగా ఫోన్ పోతే వాలెట్ ఇచ్చిన 12 రికవరీ పదాలతో తిరిగి వస్తుందా? – మంచిర్యాల

జవాబు: మీ కీ వస్తుంది, ఒప్పందం రాదు. ఎదుటివాళ్లు ఇచ్చిన అడాప్టర్ సంతకాలు, రీఫండ్ సంతకం ఆ 12 పదాల్లోంచి పుట్టవు. ఫండింగ్ వదలకముందే ఒప్పందం ఫైలును ఎన్‌క్రిప్ట్ చేసి ఇంకోచోట దాచండి. లేకపోతే ఎదుటివాళ్ల దయ మీద ఆధారపడాలి.

ఫీజు సంగతీ ఇక్కడే చెప్పాలి. సెటిల్‌మెంట్ ట్రాన్సాక్షన్ల ఫీజు సంతకాలు మార్చుకున్న రోజే ఖరారైపోతుంది. తర్వాత నెట్‌వర్క్ రద్దీ పెరిగితే ఆ ట్రాన్సాక్షన్ ఇరుక్కుంటుంది, ఎదుటివాళ్ల సంతకం లేకుండా ఫీజు మార్చలేరు. అప్పుడు మీ వాటాగా వచ్చే సొమ్మును ఎక్కువ ఫీజుతో మళ్లీ మీకే పంపుకోండి. ఆ ఫీజు కోసం మైనర్లు రెంటినీ కలిపి బ్లాకులో ఎక్కిస్తారు.

ప్రశ్న: ఇథీరియం అనే మరో బ్లాక్‌చైన్‌లో, ధరలు అందించే చైన్‌లింక్ అనే ఒరాకిల్ సేవ నుంచి ధర తీసుకుంటే ఈ తిప్పలుండవు కదా? – కరీంనగర్ నుంచి ఒక డెవలపర్

జవాబు: ఇవి ఉండవు, వేరేవి ఉంటాయి. ఫీడ్ (అది ఆగకుండా అందించే ధరల వరుస) ఇచ్చే ధరతో పాటు అది ఎప్పుడు మారిందో కూడా చూడండి. మీరు పెట్టుకున్న గడువు కన్నా పాతదైతే సెటిల్ చేయకుండా ఆపేయండి. డాలర్ జంటలకు, అంటే డాలర్లలో చెప్పే ధరలకు, మామూలుగా 8 దశాంశ స్థానాలు ఉంటాయి, టోకెన్లకు మామూలుగా 18. దీన్ని మరిచి గుణిస్తే మొత్తం తారుమారవుతుంది. కొద్దిపాటి డబ్బుతో కదిలిపోయే మార్కెట్ ధర మీద ఒప్పందం పెట్టొద్దు. 2022 అక్టోబరులో సొలానా బ్లాక్‌చైన్ మీది మ్యాంగో మార్కెట్స్ అనే క్రిప్టో ట్రేడింగ్ వేదికలో సంతకాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఒకరు ఆ వేదిక సొంత టోకెన్ ధరనే పెంచేసి, దాంతో వచ్చిన కాగితపు లాభాన్ని తాకట్టుగా చూపి 10 కోట్ల డాలర్లకు పైగా తీసుకుపోయారు.