మావాడు కీబోర్డు చేస్తున్నాడు, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. రాత్రి రెండింటిదాకా ఫోన్ ముందేసుకుని, లైనక్స్ మొబైల్‌కి తెర మీది కీబోర్డు చేస్తున్నానంటాడు. తోటివాళ్లంతా ఏఐ కోర్సుల్లో చేరారు. లక్ష కట్టి చేర్పిస్తామన్నా ఈ ఆటలు మానడు. రెండింటిలో ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఏమీ అనుకోకండి, వాడి పక్కన కూర్చుని ఏం చేస్తున్నాడో ఒక్కసారైనా చూశారా? చూసి ఉంటే దాన్ని ఆటలు అనేవారు కారు.

ఆండ్రాయిడ్‌లో కీబోర్డు ముందే ఉంటుంది గనక దాన్ని కూడా ఎవరో రాశారని మనకు తట్టదు. లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టంతో నడిచే లిబ్రెమ్ 5 ఫోన్ చేసిన ప్యూరిజం సంస్థ దానికోసం స్క్వీక్‌బోర్డు అనే తెర కీబోర్డును రాయించుకోవాల్సి వచ్చింది. కొత్త భాషకు మీటల అమరిక యామిల్ అనే పద్ధతిలో ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో రాస్తే చాలు, అది తేలికే. అసలు చిక్కు ఆ తర్వాత. లైనక్స్‌లో యాప్‌లను తెర మీద చూపించే పద్ధతి వేలాండ్. అందులో ఒక యాప్ ఇంకో యాప్‌లోకి నేరుగా అక్షరాలు పంపలేదు, మధ్యలో తెరను నడిపించే కంపోజిటర్ అనే ప్రోగ్రామ్ ఒప్పుకోవాలి. మన ‘క్ష’నే తీసుకోండి. తెర మీద ఒక్క అక్షరం, లోపల మూడు కోడ్‌లు: క, పొల్లు, ష. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ఎంత చెరగాలి? ఇలాంటివి తేల్చేసరికి రాత్రి రెండవుతుంది మరి.

మీ టెన్షన్ ఎక్కడుందో నాకు తెలుసు. పెళ్లిళ్లలో ‘మీవాడు ఏం చేస్తున్నాడు’ అని అడిగితే ‘ఏఐ’ అన్నంత దర్జాగా ‘కీబోర్డు’ అని చెప్పలేరు. చుట్టాల కోసం కోర్సులు కట్టకండి.

ఏఐ వద్దని నేననను. లెక్కల మీద ఇష్టం ఉండి, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ఓపిగ్గా చదివేవాడికి అది మంచి దారి. నా అనుమానమల్లా నాలుగు నెలల సర్టిఫికెట్ల మీద. బ్యాచ్ మొత్తం రెజ్యూమేల్లో అవే ప్రాజెక్టులు: ఇళ్ల ధరల అంచనా, సినిమాల సిఫార్సు. కోడ్ సారు ఇచ్చిందే. ‘ఈ లైన్ తీసేస్తే ఏమవుతుంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలదు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లను ఉద్యోగం గ్యారంటీ అని కాగితం మీద సంతకం పెట్టివ్వమనండి, ఫీజు సంగతి అప్పుడు చూద్దాం.

అలాగని కీబోర్డు డెవలపర్ కావాలంటూ ఏ కంపెనీ క్యాంపస్‌కి రాదు. లైనక్స్ ఫోన్లు కొనేవాళ్లే కొద్దిమంది. ఆ మాట వాడికీ చెప్పండి. కాకపోతే ఈ పని ఫోన్‌తో ఆగిపోయేది కాదు. ఎల్‌జీ టీవీల్లోని వెబ్ఓఎస్ లైనక్సే. 2018 టొయోటా కామ్రీలో తెర నడిపింది ఆటోమోటివ్ గ్రేడ్ లైనక్స్. ఇలా యంత్రాల లోపల నడిచే లైనక్స్, అంటే ఎంబెడెడ్ లైనక్స్ వచ్చినవాళ్లకు హైదరాబాద్, బెంగళూరుల్లో పని ఉంది. కాబట్టి భయపడకండి, మీవాడు చెడిపోవట్లేదు.

మీరు గట్టిగా అడగాల్సింది ఒకటుంది. రాసిన కోడ్‌ను లాప్‌టాప్‌లో దాచుకోకుండా, ఆ కీబోర్డును అందరూ కలిసి బాహాటంగా తయారుచేసే అసలు ప్రాజెక్టుకు పంపమనండి. అక్కడివాళ్లు తప్పులు పట్టి తిప్పి పంపుతారు. దిద్ది మళ్లీ పంపాలి. ఆ చర్చంతా ఎవరైనా చదవొచ్చు, రేపు ఇంటర్వ్యూ చేసేవాడు కూడా. ఇలాంటి ప్రాజెక్టుల్లో పనిచేసే కొత్తవాళ్లకు గూగుల్ డబ్బిచ్చే సమ్మర్ ఆఫ్ కోడ్‌కి దరఖాస్తు చేసుకున్నా అదే పనికొస్తుంది.

బ్యాక్‌లాగ్‌లు ఉంటే మాత్రం పదకొండుకే లాప్‌టాప్ మూయించండి. బ్యాక్‌లాగ్‌లు లేకపోతే ఆ లక్షలో కొంత తీసి సెకండ్ హ్యాండ్ వన్‌ప్లస్ 6 కొనివ్వండి. పోస్ట్‌మార్కెట్ఓఎస్ అనే ఫోన్ల లైనక్స్ దాని మీద నడుస్తుంది. వేలికి మీట సరిగ్గా అందుతోందో లేదో కంప్యూటర్లో మౌస్‌తో నొక్కి చూస్తే తెలియదు.