మూత తిప్పే పిల్లవాడి పక్కన

చిరంజీవి సౌభాగ్యవతికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియోను నాలుగుసార్లు చూశాను. ఇరవై నెలల బాబు స్టీలు డబ్బా మూతను నేల మీద గిరగిర తిప్పడం, నువ్వు మూడుసార్లు పేరు పెట్టి పిలిచినా తల తిప్పకపోవడం, వీధిలో ఐస్‌క్రీం బండి గంట మోగగానే మాత్రం కిటికీ దగ్గరికి పరుగెత్తడం గమనించాను. వీడియో చూసి ఇది ఆటిజమని, అంటే ఇతరులతో కలవడంలో, మాటల్లో తేడాగా కనబడే మెదడు ఎదుగుదల తీరని, తేల్చడం తప్పు కనుక ఆ పని చేయను. అలాగని, మగపిల్లలకు మాటలు ఆలస్యమన్న మీ అత్తగారి మాట నమ్మి ఊరుకోవద్దు. స్పెషల్ టీచరుగా చేరిన కొత్తల్లో నేనూ అదే మాట చెప్పి ఒక తల్లిని ఇంటికి పంపేశాను. ఆమె మళ్లీ వచ్చేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది.

తొలి ఏళ్లలో మెదడు నాడీకణాల మధ్య అవసరానికి మించి లంకెలను అల్లుకొని, వాడుకలో ఉన్నవాటిని గట్టిపరచుకుంటూ మిగిలినవాటిని క్రమంగా వదిలించుకుంటుంది. ఆటిజంలో తేడా చాలావరకు తల్లి కడుపులోనే మొదలైనా, పైకి కనబడటానికి నెలలు పడుతుంది. తర్వాతి కాలంలో ఆటిజం నిర్ధారణ అయిన పసివాళ్లు మొదట్లో అందరిలాగే ఎదుటివారి కళ్లలోకి చూశారనీ, రెండు నుంచి ఆరు నెలల మధ్య ఆ చూపు తగ్గుతూ వచ్చిందనీ 2013లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న శిశువులకు ఎం.ఆర్.ఐ. తీసి చూసిన 2017 నాటి పరిశోధనలో, తర్వాత ఆటిజం బయటపడినవారికి ఆరు నుంచి పన్నెండు నెలల మధ్య మెదడు పైపొర వైశాల్యం మిగతావారికన్నా వేగంగా పెరిగినట్లు తేలింది. అయినా బాబుకు స్కానింగ్ చేయించాలని తొందరపడకు. నిర్ధారణ జరిగేది పిల్లవాడి ప్రవర్తనను ఓపికగా గమనించడం వల్లనే.

నువ్వు ఉద్యోగానికి వెళ్లడం వల్లనే ఇలా అయిందని ఎవరైనా అంటే వినవద్దు. పెంపకం కన్నా జన్యువుల పాత్రే పెద్దదని 1977లోనే కవలల అధ్యయనం సూచించింది. ఆటిజానికి టీకాలను నిందించిన 1998 నాటి వ్యాసాన్ని, దాన్ని అచ్చు వేసిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. స్టెమ్ సెల్ చికిత్సతో నయం చేస్తామనేవారికి రూపాయి కూడా ఇవ్వవద్దు.

ఇక చేయవలసినది. బాబు మూత తిప్పుతుంటే లాక్కోకు. నువ్వూ ఒక మూత తీసుకొని వాడికి ఎదురుగా నేల మీద కూర్చొని తిప్పు, ఏమీ మాట్లాడకుండా మనసులో పది లెక్కపెట్టు. వాడు నీ మూత వైపు చూసిన క్షణాన "తిరిగింది" అని ఒక్క మాట మాత్రం చెప్పు. నీ చెయ్యి పట్టుకొని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళితే అదీ మాటే అనుకొని బదులివ్వు. ముఖాల వైపు తక్కువగా చూసే పిల్లవాడికి ముఖాల నుంచి నేర్చుకునే అవకాశమూ తగ్గుతుంది కనుక, వాడు చూస్తున్న చోటికి నీ ముఖాన్నే తీసుకువెళ్లాలి. రోజుకు పది నిమిషాల చొప్పున నాలుగైదుసార్లు చాలు. మూడేళ్లు దాటితే తలుపులు మూసుకుపోతాయని భయపెట్టేవారున్నారు గానీ, మెదడు ఆ తర్వాత కూడా నేర్చుకుంటూనే ఉంటుంది. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమంటే ఒప్పుకోకు; రెండు భాషలు వినడం ఆటిజం ఉన్న పిల్లలకు చేటు చేయదు.

నిర్ధారణకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీకి వెళ్లు. మా కాలంలో దాన్ని ఎన్‌ఐఎంహెచ్ అనేవాళ్లం. అంతకంటే ముందు వినికిడి కోసం, శబ్దానికి చెవి నరమూ మెదడూ ఎలా స్పందిస్తున్నాయో చూసే బెరా పరీక్ష చేయించు, ఎందుకంటే గంట వినబడినంత మాత్రాన మాటల్లోని సన్నని శబ్దాలన్నీ వినబడుతున్నట్లు కాదు. ఆ పరీక్షకు పిల్లవాడు నిద్రపోవాలి కనుక, ఆ రోజు పెందలాడే లేపి, దారిలో కునుకు తీయనివ్వకుండా తీసుకువెళ్లు.

మీ పెద్దమ్మ