జుట్టులో ఇసుక

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. గుర్రం రూపంలో వచ్చి మనుషుల్ని నీళ్లలోకి లాక్కెళ్లే స్కాట్లండ్ జానపద కథల భూతం, ఆ నీటిగుర్రాన్ని గోదావరి గట్టుకు లాక్కురాకుండా దాని సరస్సు దగ్గరే ఉంచావు, సంతోషం. కానీ మొదటి పేరాలోనే దానికి ఎర్రటి కళ్లు, నోట్లో నిప్పులు పెట్టేశావు. అలాంటి గుర్రాన్ని ఏ పిల్లయినా ఎక్కుతుందా, చెప్పు?

ఆ కథలు చెప్పుకున్నవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. స్కాట్లండ్‌లోని అబర్‌ఫెల్డీ అనే ఊరి వైపు చెప్పే కథ ఒకటుంది. ఆదివారం మధ్యాహ్నం ఏడుగురు ఆడపిల్లలు, వాళ్లతో ఒక కుర్రాడు సరస్సు దగ్గరికి షికారు వెళ్తారు. ఒడ్డున ముద్దొచ్చే పొట్టి గుర్రం మేస్తూ ఉంటుంది. ఒక పిల్ల ఎక్కుతుంది. ఇంకో పిల్ల ఎక్కుతుంది. ఒక్కొక్కరు ఎక్కేకొద్దీ దాని వీపు ఇంకాస్త సాగుతుంది. ఎక్కినవాళ్లు అది గమనించరు, కింద నిలబడ్డ కుర్రాడు గమనిస్తాడు. వాడు బండరాళ్ల చాటున దూరతాడు. గుర్రం వాడికోసం వెతికి, చిక్కకపోయేసరికి పిల్లలతో సహా నీళ్లలోకి దూకేస్తుంది. దాని ఒంటికి అతుక్కున్న చేతులు ఊడిరావు. మర్నాడు ఏడు కార్జాలు ఒడ్డుకు కొట్టుకొస్తాయి.

నీ కథ పొడుగునా నువ్వు గుర్రం వెంట పరుగెత్తావు. ఆ కుర్రాడి పక్కన నిలబడి చూడు.

నీటిగుర్రం అందగాడై వచ్చే కథల్లోనూ ఇంతే. అతను పిల్ల ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతాడు. ఆమె అతని జుట్టు దువ్వుతుంటే వేళ్లకు ఇసుక, నాచు తగులుతాయి. అరుపూ లేదు, పరుగూ లేదు. అతని తల కిందున్న పావడా ముక్కను మెల్లిగా కత్తిరించి వదిలేసి, లేచి వెళ్లిపోతుంది. ఆ కత్తెర చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నీ నిప్పులు మాత్రం పేజీ తిప్పగానే ఆరిపోయాయి.

ఇంకొకటి సరిచెయ్యి. కెల్పీ, ఎఖ్-ఉష్కె అనే రెండు రకాల నీటిగుర్రాల్నీ కలిపేశావు. కెల్పీ నదుల్లో, వాగుల్లో ఉండేది. ఎఖ్-ఉష్కె సరస్సులది, సముద్రపు పాయలది, ఇంకా ప్రమాదకరమైనది. గేలిక్ భాషలో ఎఖ్ అంటే గుర్రం, ఉష్కె అంటే నీళ్లు. విస్కీ అన్న మాట కూడా ఆ ఉష్కె నుంచే వచ్చింది. నీళ్లు కంటబడనంతసేపూ, వాసన తగలనంతసేపూ ఎఖ్-ఉష్కెను ఎక్కి తిరగొచ్చంటారు. ఇంత మంచి ఉత్కంఠ చేతిలో ఉండగా నువ్వు వాడుకోలేదు.

స్కాట్లండ్‌లోని ఫాల్కర్క్ ఊరి దగ్గర 2013లో నిలబెట్టిన 30 మీటర్ల ఉక్కు గుర్రపుతలల ఫొటో చూసి రాశానన్నావు. వాటి పేరు కెల్పీలే. కానీ శిల్పి ఆండీ స్కాట్ నమూనాగా పెట్టుకున్నవి బండ్లు, పడవలు లాగిన క్లైడ్స్‌డేల్ జాతి గుర్రాలు. ఆ ఠీవి నీ కథకు పనికిరాదు.

చివర్లో, పిల్లల్ని లోతు నీళ్లకు దూరంగా ఉంచడానికే పెద్దలు ఈ కథలు అల్లారని రాశావు. నిజమే కావచ్చు, అయినా ఆ వాక్యం కొట్టెయ్యి. స్కాట్లండ్‌లోనే రాసాయ్ దీవి కమ్మరి కథ చూడు. కూతుర్ని నీటిగుర్రం తినేస్తే, అతను కొడుకుతో కలిసి సరస్సు ఒడ్డునే కొలిమి పెట్టి, గొర్రెను కాల్చి, ఆ వాసనకు బయటికొచ్చిన దాన్ని ఎర్రగా కాల్చిన కొక్కేలతో చంపుతాడు. తెల్లారేసరికి అక్కడ మిగిలింది జిగురు ముద్ద. దీనివల్ల తెలిసే నీతి ఏమిటో అందులో ఎవరూ చెప్పరు. కొలిమి ఊదే కొడుకు కూడా ఏమీ అనడు.

ఇక ఆ అబర్‌ఫెల్డీ కుర్రాడు. గుర్రం మునిగింది మధ్యాహ్నం, కార్జాలు తేలింది మర్నాడు. ఆ మధ్య ఒక రాత్రి ఉంది. వాడు ఏ దారిన ఇంటికెళ్లాడు? గుమ్మంలో ఏమన్నాడు? ఏడిళ్ల వాళ్లు దీపాలు పట్టుకుని వస్తే వాడి నోట మాట వచ్చిందా? ఆ ఒక్క రాత్రి రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.