అప్పు తెచ్చి దాచుకుంటే అత్యవసర నిధి అయిపోదు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. కరీంనగర్‌లో ఒక విత్తన కంపెనీలో ఏరియా మేనేజర్‌ని. నెలకు చేతికి 68,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 19,500, చీటీ 10,000, సిప్ 5,000 పోగా మిగిలింది ఇంటి ఖర్చులకు, ఇద్దరు పిల్లల చదువులకు సరిపోతుంది. బ్యాంకులో 22,000 ఉన్నాయి. కంపెనీ ఇన్సూరెన్స్ 3 లక్షలు. మా ఆఫీసులో నా ఈడు మనిషికి పెద్దపేగు క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. నాకైతే ఏ ఇబ్బందీ లేదు. ల్యాబ్ వాళ్లు ఇంటికి పంపే మల పరీక్ష కిట్ 600, ఏటా చేయించుకోవాలి. హాస్పిటల్లో కొలనోస్కోపీకి (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) 14,000 చెప్పారు, బాగుంటే పదేళ్ల దాకా మళ్లీ అక్కర్లేదట. పదేళ్లకు 6,000 ఒకవైపు, 14,000 ఒకవైపు. ఏది మేలు? ఒక యాప్‌లో లక్షన్నర లోన్ ఇస్తామంటున్నారు, 30 శాతం వడ్డీ, 24 నెలలు. నాకూ మా ఆవిడకూ (42) కొలనోస్కోపీతో సహా ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించి, మిగిలింది ఎమర్జెన్సీకి ఉంచుకుందామని నిన్న అప్లై చేశాను.

జవాబు: మీ ఉత్తరంలో చివరి ముక్క దగ్గరే ముందు ఆగుతాను. "మిగిలింది ఎమర్జెన్సీకి." ఈమధ్య నాకొచ్చే ఉత్తరాల్లో ఇదే మాట పదేపదే కనిపిస్తోంది. అందుకే మీకు విడిగా రాయకుండా నలుగురూ చదివేలా జవాబిస్తున్నాను. చేతిలో డబ్బు లేదు కాబట్టి అప్పు తెచ్చి ఖాతాలో పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుందనుకుంటున్నారు. ఆ ధైర్యం ఎంత పడుతుందో చూడండి. లక్షన్నరకు 30 శాతం మీద ఈఎంఐ దాదాపు 8,390. రెండేళ్లలో మీరు కట్టేది 2 లక్షల పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. వడ్డీ ఒక్కటే 51,000, అంటే మీరు చెప్పిన ధరకు మూడు కొలనోస్కోపీల కన్నా ఎక్కువ.

పైగా నెలాఖరుకు మీ ఇంట్లో మిగిలేది సున్నా. మరి ఈ 8,390 ఎక్కణ్నుంచి వస్తుంది? మొదట్లో ఆ లోన్ డబ్బులోంచే కడతారు. అది అయిపోయాక చీటీ వాయిదా తప్పుతుంది, లేదంటే క్రెడిట్ కార్డు బయటికొస్తుంది. నిజంగా ఆస్పత్రి మెట్లెక్కాల్సిన రోజుకు మీ దగ్గర నిధి ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది. దయచేసి ఈ పని చేయకండి.

ఇక పరీక్ష. నేను డాక్టర్ని కాను, ఏది చేయించుకోవాలో చివరి మాట డాక్టరుదే. కానీ డబ్బు లెక్క తేలాలంటే పరీక్ష సంగతి కొంత తెలియాలి. ముందు మీరు రాయని విషయం ఒకటుంది. మీ అమ్మానాన్నలకు గానీ, తోడబుట్టినవాళ్లకు గానీ ఈ జబ్బు వచ్చిందా? అందులోనూ 60 ఏళ్లలోపే వచ్చి ఉంటే కిట్ ఆలోచన పక్కన పెట్టండి, అలాంటివాళ్లను నేరుగా కొలనోస్కోపీకే పంపుతారు. "ఏ ఇబ్బందీ లేదు" అన్నారు కదా, అదీ ఒకసారి సరిచూసుకోండి. మలంలో రక్తం కనిపించినా, విరేచనం తీరు మారి అలాగే కొనసాగుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత ఉందన్నా కిట్లతో కాలక్షేపం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మనవాళ్లు "మొలలేలే" అని నెలల తరబడి ఊరుకుంటారు. అలా ఊరుకున్న ఇళ్ల లెక్కలు నేను చూశాను, ఆ ఖర్చు ముందు ఈ 14,000 చాలా చిన్నది.

ఇవేవీ లేవంటే రెండు దారులూ మీకు తెరిచే ఉన్నాయి. అమెరికాలో 2021 నుంచి మామూలు మనుషులకు కూడా 45 ఏళ్లకే ఈ పరీక్షలు మొదలుపెట్టమంటున్నారు. మన దేశంలో ప్రభుత్వ స్క్రీనింగ్ నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే ఉంది, పెద్దపేగుకు లేదు. కాబట్టి ఖర్చు మన జేబులోంచే.

కిట్ ఎంత నమ్మకం? అమెరికా, కెనడాల్లో దాదాపు 10,000 మందిపై చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కసారి చేసిన ఫిట్ పరీక్ష (మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే కిట్ పరీక్ష) 100 క్యాన్సర్లలో 74 దాకా పట్టుకుంది. క్యాన్సర్‌గా మారే అవకాశం ఎక్కువున్న ముదురు పాలిప్‌లలో (పేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న కండలు) మాత్రం 24 శాతమే దొరికాయి. ఏటా చేయమనేది అందుకే. ఒక ఏడాది చేసి వదిలేసేవాళ్లకు అది తప్పుడు భరోసా. అదే సమయంలో, స్పెయిన్‌లో 57,000 మందిని పదేళ్లు గమనించి 2025లో వెల్లడించిన ఫలితాల్లో, కొలనోస్కోపీకి పిలిచినవారికీ కిట్ పరీక్షకు పిలిచినవారికీ ఈ క్యాన్సర్ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి చవకది కదా అని కిట్‌ను చిన్నచూపు చూడనక్కర్లేదు. అయితే ల్యాబ్ వాళ్లు చేసేది ఫిట్ పరీక్షేనా, పాత పద్ధతి అకల్ట్ బ్లడ్ పరీక్షా అని అడగండి. పాతదానికి తిండి నియమాలుంటాయి, మాంసం తిన్నా ఫలితం తారుమారు కావచ్చు.

ఇప్పుడు మీ 6,000, 14,000 లెక్కకు వద్దాం. అందులో ఒక పద్దు తక్కువైంది. కిట్‌లో పాజిటివ్ వస్తే కొలనోస్కోపీ తప్పదు, దాన్ని నెలలకు నెలలు వాయిదా వేయడం ప్రమాదం. అంటే 600 కిట్ కొన్న రోజే 14,000 ఖర్చుకు కూడా సిద్ధపడినట్టు. ఆ 14,000 కూడా లోపల చూసినందుకు మాత్రమే అయి ఉండొచ్చు. పాలిప్ కనిపిస్తే తీసినందుకు, బయాప్సీకి, ముందు చేసే రక్త పరీక్షలకు విడిగా వేస్తారేమో ముందే అడిగి రాయించుకోండి. నా మటుకు నేను ఈ పనికి 25,000 పక్కన పెట్టమంటాను. మీ దగ్గరున్నవి 22,000, అదీ ఇంటి మొత్తానికి.

"ఇన్సూరెన్స్ ఉంది కదా" అంటారు. కేవలం పరీక్ష కోసం ఆస్పత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వకపోవడం దాదాపు అన్ని పాలసీల్లో ఉండే మినహాయింపు. పాలిప్ తీస్తే కంపెనీ గ్రూప్ పాలసీలో రావచ్చు, క్లెయిములు చూసే టీపీఏ సంస్థను ముందే అడగండి. సొంత పాలసీల్లో పాలిప్‌ల లాంటి వాటికి సాధారణంగా రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. జబ్బు తేలేలోపు ఇలా పరీక్షలకు పడే ఖర్చును పాలసీలు దాదాపు ఆదుకోవు. దానికి పనికొచ్చేది మీ చేతిలోని సొంత డబ్బే, మీ దగ్గర లేనిదీ అదే.

అలాగని పాలసీ వద్దనడం లేదు. క్యాన్సర్ వైద్యానికి 3 లక్షలు ఏ మూలకూ చాలవు. ఆ కవర్ కూడా ఉద్యోగంతోనే పోతుంది. ఇంట్లో అందరికీ కలిపి 10 లక్షల హెల్త్ పాలసీ (ఫ్లోటర్) తీసుకోండి. ఏ లక్షణాలూ లేవు కాబట్టి పాలసీ చేతికొచ్చి, జబ్బులకు కవర్ ఉండని మొదటి 30 రోజులు గడిచాక కిట్ తెప్పించుకోండి. ప్రపోజల్ ఫారంలో ఆరోగ్యం గురించి, ఇంట్లోవాళ్ల జబ్బుల గురించి అడిగిన ప్రతిదానికీ ఉన్నదున్నట్టు రాయండి. ఏజెంట్ "ఇది రాయకండి సార్" అంటే ఏజెంట్‌నే మార్చండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు, ఆ మేరకు భారం తగ్గింది. అదీ బరువనిపిస్తే 3 లక్షలు దాటాక పనిచేసే సూపర్ టాప్‌అప్ చూడండి.

మరి నిధి ఎలా? ఈఎంఐ, ఇంటి ఖర్చులు కలిపి మీకు నెలకు 53,000 కావాలి. ఆరు నెలలకు 3,18,000. ఈ అంకె చూసి గుండె జారనివ్వకండి. సిప్ ఆపి ఆ 5,000 వేరే ఖాతాలోకి మళ్లించండి. ఏటీఎం కార్డు, ఫోన్ పే, ఏవీ లేని ఖాతా అయితే ఇంకా మంచిది. పది నెలల్లో 50,000 అవుతుంది. సిప్ ఆపితే మార్కెట్ లాభాలు పోతాయని బాధపడే పాఠకులున్నారు, 30 శాతం వడ్డీ కట్టడానికి మాత్రం వాళ్లెవరూ వెనకాడటం లేదు! చీటీని ఇప్పుడు తొందరపడి పాడుకోకండి, నష్టం ఎక్కువ. గడువుకు చేతికొచ్చాక మొత్తం ఈ నిధిలోకే వెళ్లాలి, ప్లాటు అడ్వాన్సుకు కాదు.

నిధి నిండేలోపే కిట్‌లో పాజిటివ్ వస్తే ఆగకండి. ఉన్న 22,000తో కొలనోస్కోపీ చేయించుకోండి. హైదరాబాద్ నిమ్స్‌లోనూ, ఉస్మానియాలోనూ గ్యాస్ట్రో విభాగాలున్నాయి, వేచి ఉండాల్సి రావచ్చు. మరీ తక్కువైతే బ్యాంకులో బంగారం మీద కావలసినంత వరకే తీసుకోండి, ఆ యాప్ వైపు మాత్రం వెళ్లొద్దు.

మీ ఆవిడకు 42, ఇంట్లో ఈ జబ్బు చరిత్ర, లక్షణాలు లేకపోతే ఈ పరీక్షకు ఇంకా తొందర లేదు. అమెరికా వాళ్లు 45 అంటున్నదీ గుర్తుంచుకోండి. అంటే మీరు అడిగిన లోన్‌లో ఆమె వాటా అక్కర్లేనే లేదు. పాత పన్ను విధానంలో ఉంటే పరీక్షల ఖర్చులో 5,000 దాకా పన్ను మినహాయింపు కింద చూపించుకోవచ్చు.

నిన్న అప్లై చేశానన్నారు. డబ్బు ఇంకా ఖాతాలో పడకపోతే ఈ పూటే రద్దు చేయండి. పడినా, రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం డిజిటల్ లోన్లకు కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఇవ్వాలి, ఆలోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ ఉండదు. మీ లోన్‌కు ఆ గడువు ఎంతో అగ్రిమెంటులో రాసి ఉంటుంది. ముందు ఆ కాగితం తెరవండి.