312 ఎక్కడి నుంచి వచ్చింది?

చిరంజీవికి,

నువ్వు పంపిన స్పెసిఫికేషన్ ముసాయిదా, అంటే డిజైనర్ గీసిన యాప్ బొమ్మలను డెవలపర్ ఎలా కట్టాలో చెప్పే పత్రం, మొదటి నుంచి చివరిదాకా చదివాను. శ్రద్ధగా చేశావు. డిజైన్ ఫైలులో ఉన్న కొలతలన్నీ పట్టికల్లోకి ఎక్కాయి: కార్డు వెడల్పు 312, ఎత్తు 88, అక్షరాల సైజు 16, మూలల రేడియస్ 12. ఫైలు పక్కన పెట్టుకుని సరిచూశాను, ఒక్క అంకె కూడా తప్పు పోలేదు. అయినా ఈ పత్రం పట్టుకుని డెవలపర్ ఆ స్క్రీన్ కట్టలేరు. నిష్ఠూరంగా తోచినా సరే, ఎందుకో వివరంగా చెబుతాను.

ఆ 312 ఎక్కడి నుంచి వచ్చింది? డిజైనర్ గీసిన ఫ్రేమ్ (ఫోను తెర బొమ్మ) వెడల్పు 360. ఎడమ 24, కుడి 24 వదిలితే మిగిలింది 312. అంటే ‘కార్డు 312 ఉండాలి’ అని ఎవరూ అనుకోలేదు. అటూ ఇటూ 24 వదలాలని మాత్రమే అనుకున్నారు. 24 నిర్ణయం, 312 దాని ఫలితం. నువ్వు ఫలితాన్ని రాసుకుని నిర్ణయాన్ని వదిలేశావు. 412 వెడల్పు ఉన్న ఫోనులో నీ పట్టిక ప్రకారం కట్టిన కార్డుకు ఎడమవైపు 24, కుడివైపు 76 ఖాళీ వస్తుంది. డెవలపర్‌ను అనడానికి లేదు, రాసినట్టే చేశారు. ‘తెర వెడల్పు ఎంతైనా కార్డుకు రెండు వైపులా 24 ఖాళీ ఉండాలి. మిగిలిన చోటంతా కార్డు నిండాలి. కార్డు వెడల్పు 480 దాటకూడదు’ అని రాసి ఉంటే సరిపోయేది. ఆ 480 ఫైలులో ఎంత వెతికినా దొరకదు. టాబ్లెట్‌లో ఏం కావాలని డిజైనర్‌ను అడిగితే వచ్చిన జవాబు అది.

ఎత్తు సంగతీ అంతే. పైన 20, కింద 20, మధ్యలో 24 చొప్పున రెండు పంక్తులు కలిపితే 88. పేరు పొడవై మూడో పంక్తిలోకి దిగితే కార్డు పెరగాలా, లేక రెండో పంక్తి చివర మూడు చుక్కలు పెట్టి ఆపాలా? బొమ్మలో పొట్టి పేరే ఉంది కాబట్టి ఆ ప్రశ్నే రాలేదు. డిజైనర్లు పెట్టే నమూనా పేర్లు ఎప్పుడూ ముచ్చటగా ఒక్క పంక్తిలో ఇమిడిపోతాయి. అసలు మనుషుల పేర్లు అలా ఉండవు.

కాబట్టి ఫైలులో అంకె కనిపించగానే ఇది నిర్ణయమా, ఫలితమా అని అడుగు. డిజైనర్లు బొమ్మలు గీసే ఫిగ్మాలో, భాగాల సైజులను తానే సర్దే ‘ఆటో లేఅవుట్’ వాడి ఉంటే సగం జవాబు అక్కడే ఉంటుంది: ‘హగ్’ అని ఉంటే లోపలి పాఠాన్ని బట్టి సైజు, ‘ఫిల్’ అని ఉంటే బయటి చోటును బట్టి సైజు, ‘ఫిక్స్‌డ్’ అని ఉంటేనే ఆ అంకెకు సొంత విలువ. అదీ డిజైనర్ కావాలని పెట్టిందైతేనే. మూడో రకం అంకెలూ ఉంటాయి, 23.5 లాంటివి. మౌస్ కాస్త జారితే పుట్టినవి. వాటి వెనుక ఏదో గహనమైన ఆలోచన ఉందనుకుని భక్తిగా నకలు చేయకు. అడుగు, 24 అంటారు.

ఇక నీ పట్టికల సంగతి. వాటిని తీసేయమంటాను. 2023లో ఫిగ్మా డెవలపర్ల కోసం ‘డెవ్ మోడ్’ తెచ్చింది. అంతకు ముందు నుంచే జెప్లిన్ లాంటి పరికరాలు ఆ పని చేస్తున్నాయి. డెవలపర్ ఒక భాగంపై నొక్కితే కొలత, రంగు, ఫాంటు అన్నీ కనిపిస్తాయి. వాటినే నువ్వు చేత్తో ఎత్తి రాస్తే ఒకే నిజానికి రెండు ప్రతులు తయారవుతాయి. వచ్చే వారం డిజైనర్ మూలల రేడియస్ 12ను 8 చేస్తారు, నీ పత్రంలో 12 అలాగే ఉంటుంది. డెవలపర్ ఒకటి చూస్తారు, టెస్టర్ ఇంకొకటి చూస్తారు, తప్పు ఎవరిదని అడిగితే తిలాపాపం తలా పిడికెడు. పట్టిక ఉన్న చోట ఆ ఫ్రేమ్ లింకు పెట్టు, చాలు.

కొన్ని అంకెలు మాత్రం రాయక తప్పదు, ఎందుకంటే ఫైలులో ఉన్న విలువ కోడ్‌లోకి వెళ్లేటప్పుడు అర్థం మారుతుంది. ఫిగ్మాలో అక్షరాల మధ్య దూరం శాతంలో ఉంటుంది, వెబ్‌లో అక్షరాల సైజును బట్టి మారే ‘ఎమ్’ యూనిట్‌లో రాస్తారు. అక్కడి -2 శాతం ఇక్కడ -0.02 ఎమ్. అలాగే ఫిగ్మాలో పెట్టెకు గీసిన గీత మామూలుగా లేఅవుట్‌లో చోటు తీసుకోదు, వెబ్ పేజీల రూపాన్ని రాసే సీఎస్ఎస్‌లో ఆ గీత (బోర్డర్) చోటు తీసుకుంటుంది. గీత మందం 1 అయితే లోపలి పాఠం ఒక పిక్సెల్ జరుగుతుంది. ఆ ఒక్క పిక్సెల్ మీద గంటల తరబడి వాదులాడుకున్న బృందాలను చూశాను. ఇలాంటివి ప్రాజెక్టు మొత్తానికి ఒకేసారి, పత్రం మొదట్లో రాసెయ్. ప్రతి స్క్రీన్ దగ్గరా తిరిగి చెప్పకు.

అన్నట్టు, నువ్వు యూనిట్ ఎక్కడా రాయలేదు. 360 అన్నది ఫోను తెరలోని అసలు పిక్సెల్‌ల లెక్క కాదు. అడ్డంగా 1080 పిక్సెల్‌లు ఉండి, మూడు రెట్ల సాంద్రత ఉన్న ఫోనులో ఆండ్రాయిడ్ లెక్కన 360 డీపీలు (సాంద్రతతో పని లేని కొలత). ఐఓఎస్‌లో పాయింట్లు అంటారు, వెబ్‌లో సీఎస్ఎస్ పిక్సెల్‌లు. ఏ లెక్కో మొదటి పేజీలో ఒక్క పంక్తి రాస్తే చాలు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. నీ ముసాయిదాలో ఓటీపీ స్క్రీన్ కింద ఇలా ఉంది: ‘యూజర్ ఓటీపీ ఎంటర్ చేయగానే తర్వాతి స్క్రీన్‌కు వెళ్తారు. 30 సెకన్ల తర్వాత మళ్లీ పంపే అవకాశం ఉంటుంది.’ హాయిగా చదివించే వాక్యాలు. కానీ డెవలపర్ కుర్చీలో కూర్చుని చదువు. ‘ఎంటర్ చేయగానే’ అంటే ఆరో అంకె పడిన క్షణమా, బటన్ నొక్కిన క్షణమా? మొదటిదైతే బొమ్మలో బటన్ ఎందుకు ఉంది? 30 సెకన్లు ఎప్పటి నుంచి లెక్క: ‘పంపండి’ అని నొక్కినప్పటి నుంచా, పంపినట్టు సర్వర్ చెప్పినప్పటి నుంచా? నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్నచోట ఈ రెంటికీ తేడా చిన్నది కాదు. మెసేజ్ చూసుకోవడానికి యాప్ వదిలి వెళ్లి తిరిగి వస్తే గడియారం ఎక్కడ ఉండాలి? తెర వెనక్కి వెళ్లిన యాప్‌ను ఫోను నిద్రపుచ్చవచ్చు, కాబట్టి అంకెలను ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ పోయే టైమర్ అక్కడే ఆగిపోతుంది. ఓటీపీ కోసం యాప్ వదలడమేమో అందరూ చేసే పనే! ‘యాప్ బయట గడిచిన సమయం కూడా 30 సెకన్లలో కలవాలి’ అని నువ్వు రాస్తేనే డెవలపర్ దాన్ని గడియారపు సమయంతో లెక్క కడతారు.

ఇంకా ఉంది. ఆరు అంకెలనూ ఒకేసారి పేస్ట్ చేస్తే ఆరు గడులూ నిండాలా, లేక అన్నీ మొదటి గడిలో పడి మిగతావి పోవాలా? కంటికి ఆరు గడులు, కానీ లోపల ఒకే ఇన్‌పుట్ ఉంటే తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు సులువు. వెబ్‌లో గడిని దానంతటదే నింపించే ‘ఆటోకంప్లీట్’కు ‘వన్-టైమ్-కోడ్’ అన్న విలువ ఉంది, అది పెడితే వచ్చిన కోడ్‌ను ఫోనే అందించగలదు. కోడ్ తప్పయితే గడులు ఖాళీ చేయాలా, ఉంచాలా? ఎన్నిసార్లు తప్పితే ఆపేయాలి? ఇది డిజైనర్ చెప్పే సంగతి కాదు, భద్రత చూసేవాళ్లను అడగాలి. కొత్త కోడ్ పంపాక పాతది చెల్లుతుందా? ఆలస్యంగా వచ్చిన పాత మెసేజ్‌లోని కోడ్ కొట్టేవాళ్లు బోలెడుమంది.

జవాబులన్నీ వచ్చాయనుకుందాం. నేనైతే ఇలా రాస్తాను:

‘ఆరో అంకె పడగానే, బటన్ నొక్కకపోయినా, యాప్ కోడ్‌ను సర్వర్‌కు పంపాలి. జవాబు వచ్చేదాకా గడులూ బటనూ పని చేయకూడదు. బటన్‌పై “సరిచూస్తున్నాం” అని కనిపించాలి. కోడ్ తప్పని సర్వర్ చెబితే యాప్ ఆరు గడులనూ ఖాళీ చేసి, కర్సర్‌ను మొదటి గడిలో పెట్టి, గడుల కింద “కోడ్ సరిపోలేదు. మళ్లీ టైప్ చేయండి.” అని చూపాలి. 10 సెకన్లలో జవాబు రాకపోతే అంకెలను అలాగే ఉంచి, “నెట్‌వర్క్ అందడం లేదు. మళ్లీ ప్రయత్నించండి.” అని చూపి, గడులనూ బటన్‌నూ తిరిగి పని చేయించాలి.’

అందం లేదు, ఒప్పుకుంటాను. కానీ ప్రతి వాక్యంలో ముందు సందర్భం, తర్వాత పని, ఆ పని ఎవరిదన్నది స్పష్టంగా ఉన్నాయి. జెట్ ఇంజిన్లు తయారుచేసే రోల్స్‌రాయిస్ ఇంజినీర్లు 2009లో ‘ఇయర్స్’ పేరుతో ఇలాంటి వాక్య నమూనాలనే ప్రచురించారు: ఇది జరిగినప్పుడు, ఇది జరుగుతున్నంతసేపూ, ఇది జరిగితే, ఈ వ్యవస్థ ఇది చేయాలి. క్రియను చివర పెట్టుకునే తెలుగుకు ఈ నడక కొత్తేమీ కాదు.

నీ ముసాయిదాలో ‘ఉంటుంది’, ‘వస్తుంది’, ‘చూపబడుతుంది’ ఎక్కువ. అవి జరిగేదాన్ని వర్ణిస్తాయి, ఆదేశించవు. ‘ఉండాలి’ అను. తప్పనిసరి కానిదైతే ‘ఉంటే మంచిది’ అను, ఈ రెంటి తేడా ఏమిటో పత్రం మొదట్లో చెప్పు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అని ఒక పత్రమే దీనికోసం తెచ్చుకున్నారు. ‘సరైన సందేశం’, ‘త్వరగా’, ‘అవసరమైతే’, ‘తగినంత’ లాంటి మాటలు కనిపించిన చోటల్లా గీత గీసుకో. నీ వాక్యం చదివి టెస్టర్ పక్కన ‘అయింది’ అనో ‘కాలేదు’ అనో రాయగలగాలి. ‘త్వరగా’ పక్కన ఏం రాస్తారు?

పేరు గడికి ‘గరిష్ఠం 20 అక్షరాలు’ అని రాశావు. దేన్ని అక్షరం అంటున్నావు? ‘స్త్రీ’ చూడటానికి ఒక్క అక్షరం. కంప్యూటర్లు లిపులను దాచుకునే యూనికోడ్‌లో అది ఆరు కోడ్ పాయింట్లు (సంకేతాలు): స, విరామం (పొల్లు), త, విరామం, ర, ఈత్వం. యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే 18 బైట్లు. డెవలపర్ తనకు అలవాటైన పద్ధతిలో లెక్కపెడతారు, డేటాబేస్ తన పద్ధతిలో లెక్కపెడుతుంది. తెలుగులో పేరు రాసుకున్నవాళ్లకు ఇంగ్లీషులో రాసుకున్నవాళ్లకంటే ముందే గడి నిండిపోతుంది. ఏ లెక్కో తేల్చి రాయి. పంక్తి ఎత్తు కూడా అలాంటిదే. ఇంగ్లీషు పాఠం పెట్టి 16 సైజుకు 20 ఎత్తు ఇచ్చిన బొమ్మలో తెలుగు పోస్తే ఒత్తులు కింది పంక్తికి తగులుతాయి, ఒక్కోసారి తెగిపోతాయి.

అందుబాటు గురించి, అంటే చూపు, వేళ్ల కదలిక లాంటి ఇబ్బందులున్నవాళ్లూ వాడగలగడం గురించి, నువ్వు అసలు రాయలేదు. 20 సైజు ఐకాన్ గీశారంటే వేలు తగిలే చోటు కూడా 20 అని కాదు. ఐఓఎస్‌లో 44 పాయింట్లు, ఆండ్రాయిడ్‌లో 48 డీపీలు కనీసం ఉండాలని ఆయా సంస్థల సూచనలు. వెబ్ అందుబాటు ప్రమాణం డబ్ల్యూసీఏజీలో 2023 అక్టోబరులో వచ్చిన 2.2 కూర్పు కొన్ని మినహాయింపులతో కనీసం 24 సీఎస్ఎస్ పిక్సెల్‌లు అంటుంది. ఆ చోటు కనబడదు కాబట్టి బొమ్మలో గీయరు, నువ్వే రాయాలి. అక్షరాల రంగుకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) మామూలు పాఠానికి 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 కంటే తగ్గకూడదు. మీ ఫైలులో గడుల్లోని ఆ లేత బూడిద రంగు సూచనలను కొలిచి చూడు, నాకైతే అనుమానమే.

కొలిచాక తక్కువని తేలితే నువ్వే రంగు మార్చి రాసెయ్యకు. ఇది మన వృత్తిలో పెద్ద ప్రలోభం. తెలియని చోట సొంతంగా ఊహించిన జవాబు కూడా పత్రంలో మిగతా వాక్యాల్లాగే నమ్మకంగా కనిపిస్తుంది, ఎవరూ అనుమానించరు. జవాబు రాని చోట ‘తేలలేదు’ అని రాసి, ఎవరు తేల్చాలో, ఎప్పటిలోగా తేల్చాలో పక్కన పెట్టు. తేలని అంశాలు పది ఉన్న పత్రాన్ని నేను నమ్ముతాను, ఒక్కటీ లేనిదాన్ని చూస్తే భయమేస్తుంది.

డిజైనర్‌ను అడిగే తీరు కూడా చూసుకో. ‘ఖాళీ జాబితా వస్తే ఏమిటి?’ అని అడిగితే ‘చూద్దాం’ అంటారు. ‘జాబితా ఖాళీగా ఉంటే ఆ భాగాన్ని దాచేయాలా, “ఇంకా ఏమీ లేవు” అని చూపాలా?’ అని అడుగు, అప్పటికప్పుడే జవాబు వస్తుంది. ప్రశ్నలన్నీ స్క్రీన్ల వారీగా పోగుచేసి ఒకేసారి కూర్చో. గంటకోసారి మెసేజ్ పెట్టేవాళ్లకు రెండో రోజు నుంచి ఎవరూ బదులివ్వరు.

ముందు ఓటీపీ భాగం తిరగరాసి, నాకంటే ముందు టెస్టర్‌కు చూపించు. ఏ తేదీ నాటి ఫైలు చూసి రాశావో పైన వేయి. లాగిన్ స్క్రీన్ మీద నేను ఏమీ రాయలేదు. అందులో ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా?’ అన్న లింకు నొక్కితే ఎక్కడికి వెళ్లాలో, ఆ స్క్రీన్ గీసే బాధ్యత ఎవరిదో ఫైలులో లేదు. అది కనుక్కున్నాక దాని గురించి రాస్తాను.

ఉంటాను.