మిద్దె మీద లాన్, హాల్లో చెమ్మ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మూడేళ్ల కిందట మేడపై వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నాలుగంగుళాల మట్టిలో లాన్ వేయించాం. ఈ వానలకు హాల్లో ఫ్యాను పక్కన చెమ్మ మచ్చ పడింది. మట్టి మొత్తం ఎత్తేసి మళ్లీ పూత వేయాలంటున్నాడు మేస్త్రీ. తప్పదా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఇప్పుడే మట్టి ఎత్తించకండి. ముందు ఆ ఫ్యానుకి, దగ్గరలోని లైట్లకి కరెంటు మెయిన్ బోర్డు దగ్గరే ఆపేయండి. స్లాబులోకి దిగిన నీరు వైర్ల గొట్టాల వెంట పారి ఫ్యాను హుక్కు దగ్గర బయటపడటం మామూలే. కాబట్టి మచ్చకి సరిగ్గా పైన తవ్వితే ఏమీ దొరకకపోవచ్చు.

లీకులు ఎక్కువగా రెండు చోట్ల వస్తాయి: వాననీటి గొట్టం మూతి దగ్గర, పిట్టగోడ స్లాబుతో కలిసే మూలలో. పందిరి కోసం ఎవరో బోల్టు దిగగొట్టడమో, గునపంతో మట్టి తవ్వడమో జరిగితే తప్ప నడిమధ్య పూత అంత తేలిగ్గా చెడదు.

వాన లేని వారం చూసుకుని లాన్‌కి ఎప్పటిలాగే నీళ్లు పెట్టండి, పిట్టగోడ మాత్రం తడవనివ్వకండి. మచ్చ ఆరుతూ వస్తే అనుమానం గోడ వైపు. ఆరకపోతే గొట్టం మూతి వైపు. ఓవర్‌హెడ్ ట్యాంకు పైపులు కూడా ఒకసారి తడిమి చూడండి, ట్యాంకు కారితే నింద లాన్ మీద పడిన ఇళ్లున్నాయి.

తర్వాత అనుమానమున్న చోట మాత్రమే అడుగున్నర వెడల్పున మట్టి తీయండి. దానికి చేతులు, ప్లాస్టిక్ చేట చాలు. పలుగు, గడ్డపార మేడెక్కనివ్వొద్దు. గొట్టం మూతిని తడిగుడ్డ మూటతో బిగించి, చుట్టూ సిమెంటుతో చిన్న గట్టు కట్టి, రెండంగుళాల నీరు 24 గంటలు నిలపండి. కింద మచ్చ పెరిగితే చోటు దొరికినట్టే. లేదంటే గట్టు పగలగొట్టి పక్క భాగానికి జరపండి.

గొట్టం మూతే కారుతుంటే, చుట్టూ వదులైన సిమెంటు ఒకటిన్నర అంగుళాల లోతుకి చెక్కి, ఆరాక ముడుచుకోని గ్రౌటు (సందులు పూడ్చే సిమెంటు మిశ్రమం) నింపాలి. ఆపైన పాలిమర్ సిమెంటు పూత రెండు కోట్లు, మధ్యలో ఫైబర్ మెష్. మొదటి కోటు నిలువుగా కొడితే రెండోది అడ్డంగా. గోడ మూల అయితే ముందు మూలని గుండ్రంగా సిమెంటుతో తిప్పి, పూతని మట్టి మట్టం కంటే కనీసం ఆరంగుళాలు పైకి లాగాలి. మట్టి ఎత్తు వరకే పూత ఆపేయడం మేస్త్రీలు తరచూ చేసే పొరపాటు. ఆ గీత దగ్గరే నీరు వెనక్కి దూరుతుంది. డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి, మళ్లీ నీరు నిలిపి చూశాకే మట్టి వేయండి.

మట్టి తిరిగి వేసేటప్పుడు పిట్టగోడ వెంట ఒక అడుగు వదిలేసి, అక్కడ ముప్పావు అంగుళం కంకర పోయండి. గొట్టం మూతి మీద చిల్లుల పెట్టె, తెరిచే మూత ఉంటే ఇకపై తవ్వే పనే ఉండదు. పూత తారు షీటు రకమైతే దాని మీద వేర్లను ఆపే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు కూడా కావాలి. తారుని వేర్లు చీల్చుకుంటూ పోతాయి. సీలింగు పూర్తిగా ఆరాకే పుట్టీ, రంగు. తడి మీద వేస్తే పొక్కులొచ్చి డబ్బు దండగ.

ప్రశ్న: మాది ఇరవై ఐదేళ్ల ఆర్‌సీసీ డాబా. ఆరంగుళాల ఎర్రమట్టి పోసి గడ్డి పెంచాలనుంది. స్లాబు ఆగుతుందా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అంత మట్టి వద్దు. మనుషులు తిరిగే మేడకి భారతీయ ప్రమాణం (ఐఎస్ 875) ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకి 150 కిలోలు, అంటే చదరపు అడుగుకి సుమారు 14 కిలోలు. తడిసిన ఎర్రమట్టి అంగుళం మందానికే చదరపు అడుగుకి నాలుగు కిలోలు దాటుతుంది. ఆరంగుళాలంటే 25. మీరు మేడ ఎక్కకముందే లెక్క తప్పింది! మట్టి, కొబ్బరి పొట్టు, కంపోస్టు సమపాళ్లలో కలిపితే తడిసినా అంగుళానికి మూడు కిలోల దాకా వస్తుంది. మూడంగుళాలు వేసి గడ్డిగులాబి, కలబంద పెంచుకోండి. అంత పలుచటి మట్టిలో లాన్ పెడితే మే ఎండలకి రోజుకి రెండు పూటలా తడపాలి. పెద్ద కుండీలు కింద గోడలు, బీములు ఉన్న వరస మీదే. ఏదైనా ఇంజనీరు స్లాబు చూశాకే మొదలుపెట్టండి. పెచ్చులూడి చువ్వ కనబడే స్లాబు మీదా, దూలాలు, ఇటుక, సున్నంతో వేసిన పాత మిద్దె మీదా అసలు వద్దు.

నీటి బరువు కూడా చాలామంది మరిచిపోతారు. ఆకులతో గొట్టం మూసుకుపోయి పిట్టగోడల మధ్య ఆరంగుళాల నీరు నిలిస్తే అదీ చదరపు అడుగుకి 14 కిలోలే. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1న బెజవాడలో కురిసినటువంటి వాన ఒక్క గొట్టంతో దిగిపోదు. మట్టి మట్టానికి రెండంగుళాల పైన పిట్టగోడకి మరో తూము పెట్టించండి.

ప్రశ్న: ఏడాదిలో ఏ పని ఎప్పుడు చేయాలి?
– ఒక పాఠకురాలు, గుణదల, విజయవాడ

జవాబు: పూత పనులు ఫిబ్రవరి, మార్చిలో. రోహిణి కార్తె ఎండలో వేస్తే పూత త్వరగా ఆరి పగుళ్లు తీస్తుంది. గొట్టం మూతులు మృగశిరకి ముందొకసారి, తుపాన్ల కాలం కాబట్టి దసరా లోపు మరోసారి, జోరువాన పడ్డ ప్రతిసారీ తెల్లారి శుభ్రం చేయండి. రెండు బకెట్లు కుమ్మరిస్తే నిలవకుండా పోవాలి.

ప్రశ్న: పిట్టగోడ పగులులో రావి మొక్క. కోసినా మళ్లీ వస్తోంది. యాసిడ్ పోయొచ్చా?
– ఒక పాఠకుడు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: వద్దు. యాసిడ్ సిమెంటుని తినేస్తుంది, ఉప్పు పోస్తే లోపలి చువ్వలు తుప్పు పడతాయి. నాలుగాకులున్నప్పుడే వాన పడ్డ మర్నాడు వేరుతో సహా లాగితే వచ్చేస్తుంది. మీది ముదిరింది కాబట్టి ఉలితో పగులు వెడల్పు చేసి, వేరు చివరిదాకా తీసి, దుమ్ము దులిపి పాలిమర్ మోర్టారు నింపాలి. మొక్క కాడ బొటనవేలంత లావైతే ఆ వరస ఇటుకలు తీసి మళ్లీ కట్టించుకోవాలి.