మూత్రాశయ క్యాన్సర్: నెల తిరక్కుండానే మళ్లీ ఆపరేషన్ ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 62 ఏళ్లు. షుగర్ ఉంది. నలభై ఏళ్లుగా బీడీలు తాగుతారు. రెండు నెలల కింద మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, రెండు రోజుల్లో అదే తగ్గింది కదా అని ఊరుకున్నాం. మళ్లీ వస్తే స్కానింగ్ చేయించాం. మూత్ర సంచిలో 2.5 సెంటీమీటర్ల గడ్డ ఉందని చెప్పి, దుర్బిణీతో తీసేశారు. బయాప్సీలో 'హై గ్రేడ్, టీ1' అని వచ్చింది. ఇప్పుడు నాలుగు వారాల్లో మళ్లీ అదే ఆపరేషన్, ఆ తర్వాత బీసీజీ మందు అంటున్నారు. మొదటిసారి సరిగ్గా తీయలేదా? మా చుట్టాల్లో ఒకాయనకు ఒక్క ఆపరేషన్‌తోనే సరిపోయింది. కొందరేమో సంచి మొత్తం తీయించేయమంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు. రిపోర్టు కూడా పంపుతున్నాను.
- ఓ పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: రిపోర్టు పంపడం మంచిదైందమ్మా. మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. చివరి నుంచి రెండో లైను చూడండి: 'డెట్రూసర్ మజిల్ నాట్ సీన్'. అంటే పరీక్షకు పంపిన ముక్కల్లో మూత్ర సంచి కండరం లేదని.

మూత్ర సంచి గోడను మన ఇంటి గోడలా ఊహించుకోండి. పైన సున్నం, దాని కింద గిలాబు, ఆ వెనక ఇటుక. గడ్డ సున్నంలోనే ఉంటే 'టీఏ' అంటాం. గిలాబులోకి దిగితే 'టీ1'. ఇటుక, అంటే కండరం దాకా పోతే 'టీ2'. మీ నాన్నగారిది గిలాబు దాకా దిగిందని తెలిసింది. ఇటుక దాకా పోయిందా లేదా అన్నది, ఇటుక ముక్కే లేకుండా ఎవరూ చెప్పలేరు. మిగతా వైద్యమంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

కాబట్టి రెండో ఆపరేషన్ అన్నారంటే మీ డాక్టర్ తప్పు చేశారని కాదు, జాగ్రత్తగా ఉన్నారని. ముక్కల్లో కండరం కనిపించినా సరే, టీ1 అయితే రెండు నుంచి ఆరు వారాల్లోపు మళ్లీ చూడటం పద్ధతే. అలా చూసినప్పుడు మూడింట ఒక వంతు నుంచి సగం మందిలో ఇంకా కొంత గడ్డ మిగిలే ఉంటుంది. ఎంత అనుభవం ఉన్న సర్జన్ చేసినా ఇంతే. దయచేసి దీన్ని వాయిదా వేయకండి. ఈసారీ మూత్రనాళం గుండానే చేస్తారు, పైన కోత ఉండదు.

మీ చుట్టంగారి విషయానికొస్తే, ఆయనది బహుశా లో గ్రేడ్ (నెమ్మదిగా పెరిగే రకం), చిన్నది, పై పొరలోనిది అయి ఉంటుంది. అలాంటివాళ్లకు గడ్డ తీసిన 24 గంటల్లోపు మైటోమైసిన్ లాంటి మందు ఒక్క డోసు సంచిలోకి ఎక్కించి, ఆ తర్వాత దుర్బిణీ పరీక్షలతో కనిపెట్టుకుంటూ ఉంటే చాలాసార్లు సరిపోతుంది. హై గ్రేడ్ అలా కాదు. అది మళ్లీ రావడమే కాకుండా, లోపలికి దిగే గుణం ఉన్నది. ఇద్దరి జబ్బు పేరు ఒకటే, దారులు వేరు.

రెండోసారి కండరం శుభ్రంగా ఉందని తేలితే బీసీజీ మొదలుపెడతారు. పిల్లలకు టీబీ రాకుండా వేసే టీకాలో ఉండే బలహీనపరిచిన క్రిమే ఇది. 1976 నుంచి ఈ జబ్బుకు వాడుతున్నారు. దాన్ని సంచిలో పోస్తే మన ఒంట్లోని రోగనిరోధక కణాలు అక్కడికి చేరి క్యాన్సర్ కణాల మీద పడతాయి. వారానికి ఒకసారి చొప్పున ఆరు వారాలు, ఆ తర్వాత మెయింటెనెన్స్ కింద మూడో నెలలో, ఆరో నెలలో, అటుపైన ఆరు నెలలకోసారి మూడేసి డోసులు. హై గ్రేడ్‌కు మొత్తం మూడేళ్ల కోర్సు. షుగర్ ఉన్నంత మాత్రాన బీసీజీ ఆపక్కర్లేదు. గతంలో టీబీ వచ్చి ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా ముందే చెప్పండి.

ఆ రోజు ఎలా ఉంటుందో చెబితే నాన్నగారికి టెన్షన్ తగ్గుతుంది. పొద్దున్నుంచి నీళ్లు తక్కువ తాగి రమ్మంటారు. సన్నటి పైపు వేసి, సుమారు 50 మిల్లీలీటర్ల మందు వదిలి, పైపు తీసేస్తారు. రెండు గంటలు మూత్రం ఆపుకోవాలి. ఆ తర్వాత ఆరు గంటల పాటు ఇంట్లో మరుగుదొడ్డి మీద కూర్చునే మూత్రం పోయాలి. పోసిన ప్రతిసారీ బ్లీచింగ్ ద్రావణం వేసి పావుగంట ఆగి నీళ్లు కొట్టాలి. ఒకటి రెండు రోజులు మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, ఒళ్లు వెచ్చబడటం మామూలే. జ్వరం 101 డిగ్రీలు దాటి తగ్గకపోతే, చలితో వణికితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ వేయించి పడుకోబెట్టడం వద్దు. ఏ డాక్టర్ చూసినా 'సంచిలో బీసీజీ ఎక్కించారు' అన్న మాట ముందు చెప్పండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, కంటికి కనిపించేలా రక్తం పడుతున్నా ఆ వారం డోసు వేయకూడదు.

సంచి మొత్తం తీయడం అనేది ఇప్పుడే తేల్చే విషయం కాదు. రెండో రిపోర్టులో కండరంలోకి పోయిందని వస్తే, లేదా బీసీజీ ఇచ్చినా హై గ్రేడ్ గడ్డ తిరగబెడితే, అప్పుడు ఆ మాట గట్టిగా ఆలోచించాలి. మీరు పంపిన రిపోర్టులో గడ్డ ఒక్కటే, 'కార్సినోమా ఇన్ సైటూ' (గడ్డ కట్టకుండా పై పొరలోనే చదునుగా పరుచుకునే హై గ్రేడ్ క్యాన్సర్) లేదని రాశారు. ఇది మంచి విషయం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఒకటుంది. రక్తం ఆగిపోగానే చాలామంది రావడం మానేస్తారు. మీరూ మొదటిసారి రెండు రోజుల్లో తగ్గిందని ఊరుకున్నారు. ఈ జబ్బు అలాగే మోసం చేస్తుంది. మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి దుర్బిణీ పరీక్ష, తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి. ఏ ఇబ్బందీ లేకపోయినా వెళ్లాల్సిందే.

బీడీల సంగతి మీరే పట్టుకోవాలమ్మా. పొగలోని విషాలు రక్తంలో కలిసి, కిడ్నీల్లో వడపోతకు గురై, గంటల తరబడి ఆ సంచిలోనే నిలవుంటాయి. జబ్బు వచ్చాక మానేసి ఏం లాభం అనకండి. తాగుతూనే ఉంటే గడ్డ మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఈసారి వెళ్లినప్పుడు మొదటి బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (ముక్కలను భద్రపరిచిన మైనపు దిమ్మెలు) ఆస్పత్రి నుంచి అడిగి తీసుకుని జాగ్రత్త చేయండి. రెండో రిపోర్టు రాగానే 'కండరం ఉందా, అది శుభ్రంగా ఉందా' అని అడగండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఆపరేషన్‌కు, బీసీజీకి ఏమేరకు వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యశ్రీ డెస్క్ దగ్గర ముందే కనుక్కోండి. ఖర్చుకు భయపడి కోర్సు మధ్యలో ఆపాల్సిన పరిస్థితి రాకూడదు.

- యూరాలజిస్ట్